గురజాల ఎండలో రెండు రాళ్లు

ఎండకు భయపడి జనం ప్రయాణం వాయిదా వేసుకునే ఊళ్లకు నేను ఎండ కోసమే వెళ్లాను. దసరా వెళ్లిన మరుసటి వారం, పల్నాడులో నాలుగు రోజులు. సంచిలో మూడు జతల బట్టలు, సగం చదివిన నవల, డైరీ, ఇరవై నల్ల సీసాలు, ఒక డబ్బాలో లేత పసుపు రంగు పొడి. విశాఖలోని మా ల్యాబ్‌లో ఆ పొడిని సరిగ్గా తయారుచేయడం నేర్చుకోవడానికి నాకు మూడేళ్లు పట్టింది.

వెలుతురు పడితే ఆ పొడి నీళ్లలో కరిగిన రంగుల్ని, పురుగుమందుల్ని విరగ్గొడుతుంది. తాను మాత్రం ఖర్చు కాదు. అందులో రెండు పదార్థాలున్నాయి. ఒకటి గోడల రంగుల్లో కలిపే తెల్లటి టైటానియం పొడి. గట్టి పనిమంతురాలే, కానీ కంటికి కనపడని అతినీలలోహిత కిరణాలు తాకితే తప్ప మేలుకోదు. ఎండలో అవి ఉండేది కొంచెమే. రెండోది యూరియాను మూత పెట్టిన పింగాణీ గిన్నెలో కాలిస్తే మిగిలే పసుపు పొడి. ఇది మామూలు వెలుతురుకే మేలుకుంటుంది, మేలుకున్నంత తొందరగా మళ్లీ కునుకు తీస్తుంది. ఈ రెంటినీ వెంట్రుక మందంలో వెయ్యో వంతు రేణువులుగా చేసి, ఒకదాన్నొకటి హత్తుకునేలా కలపడమే నా పరిశోధన.

దీపం కింద, శుభ్రమైన నీళ్లలో కలిపిన రంగు మీద నా పొడి చక్కగా పనిచేసింది. మా గైడ్ మేడమ్ కాగితాలన్నీ చూసి ఒకే ప్రశ్న వేశారు. "నిజం ఎండలో, నిజం మురికి నీళ్లలో చేస్తుందా?" చేస్తుందనే నా నమ్మకం. మనుషుల ముందు నోరు పెగలదు గాని, పొడి విషయంలో నాకెప్పుడూ సందేహం లేదు. ఉన్న చిక్కల్లా ఒకటే. పొడిని నీళ్లలో చల్లితే తిరిగి తీయలేం. గాజు పలక మీద పూస్తే రెండుసార్లు నీళ్లలో ఆడించేసరికి పొట్టులా లేచిపోతుంది. ఈ చిక్కు తీరకపోతే నా థీసిస్‌కు ఆఖరి అధ్యాయం లేదు.

ల్యాబ్‌లో నా జూనియర్ సుధ వాళ్లది గురజాల దగ్గర పల్లె. "మా పెదనాన్న పత్తి, మిరప వేస్తాడక్కా. మందు కొట్టిన ట్యాంకు కడిగిన నీళ్లు నీకు ఎన్ని కావాలంటే అన్ని," అంది, చుట్టాలింట్లో పాలు పెరుగు దొరుకుతాయని చెప్పినట్టు.

నరసరావుపేట: తువాలు వేసిన సీటు

బస్టాండు పక్కన నాలుగు ఇడ్లీలు ముప్పై రూపాయలు. మా కోనసీమలో ఇడ్లీ పక్కన కొబ్బరి చట్నీ ఉంటుంది, కారప్పొడి అడిగితే వేస్తారు. ఇక్కడ కారప్పొడి అడక్కుండానే వేసి, దాని మీద నెయ్యి పోసి, చట్నీ మాత్రం అడిగితే వేశారు. రెండో ముక్కకే కళ్లు నీళ్లు కారుతుంటే ఇడ్లీలామె, "కొత్తా?" అంది. తలూపాను. ఇంకో గరిటె నెయ్యి పోసింది.

మాచర్ల బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. నీళ్ల సీసా కొనుక్కుని వచ్చేసరికి నా సీటులో ఎర్ర తువాలు ఉంది. ఎవరో కిటికీలోంచి వేసి, తీరిగ్గా టీ తాగుతున్నారు. ఆ సీటు నాదని చెప్పడానికి నోరు రాక, చిన్నగా నవ్వుతూ కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. వెనక సీట్లో, ఒళ్లో సంచితో కూర్చున్న ఒకామె లేచింది.

"ఎవురిదయ్యా ఈ తువాలు? ఆ పిల్ల ముందే కూసుంది గదా! తియ్యి, తియ్యి!" అని తువాలును తనే తీసి కిటికీలోంచి బయటికి విసిరింది. తర్వాత నా వైపు తిరిగింది. "నోరు లేదా అమ్మాయ్ నీకు? సీటు పోయినా నవ్వుతా నిలబడ్డావేంది?"

"ఉందండి," అన్నాను.

"ఉంటే వాడాల గదా."

బస్సు కదిలాక ఆమె నా పక్కకే వచ్చి కూర్చుంది. పిడుగురాళ్ల దాకా వదల్లేదు. ఏ ఊరు, ఏం చదువు, ఎంతమంది అక్కచెల్లెళ్లు. ఒళ్లో పెట్టుకున్న డబ్బాలో ఏముందని అడిగింది. మూత తీసి చూపించాను.

"పసుపా?"

"కాదండి. యూరియాని కాలిస్తే వచ్చిందండి."

"యూరియానా!" బస్సులో ముందున్న వాళ్లు కూడా వెనక్కి తిరిగారు. "ఒక్క బస్తా కోసం మేము తెల్లారకముందే పోయి చెప్పులు లైన్లో పెట్టి నిలబడతంటే, నువ్వు తెచ్చి కాలుస్తన్నావా? వినండయ్యో, ఈ అమ్మాయి యూరియా కాలుసుద్దంట!"

నేను కాల్చేది ఒకసారికి గుప్పెడేనని చెప్పేలోపు బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. పిడుగురాళ్ల దగ్గర సున్నం బట్టీల పొగ, తెల్లగా దుమ్ము పట్టిన చెట్ల ఆకులు చూస్తూ ఆ తువాలు గురించే ఆలోచించాను. నా పొడిలో జరిగేదీ అదే. వెలుతురు తగలగానే రేణువులో ఒక ఎలక్ట్రాన్ సీటులోంచి లేస్తుంది. కానీ తువాలు వేసి దిగిన మనిషిలా, ఎక్కడికీ పోకుండా వెంటనే వచ్చి అదే సీట్లో కూర్చుంటుంది. అప్పుడు ఏ పనీ జరగదు. పక్కనే ఇంకో బస్సు ఆనుకుని ఉండి, లేచిన మనిషి అందులోకి దాటిపోతే, ఇక్కడ ఖాళీ సీటు, అక్కడ నిలబడ్డ మనిషి, రెండూ చెరో పనికి దొరుకుతాయి. పసుపు పొడికి తెల్ల పొడిని జత చేసింది అందుకే. మూడేళ్లుగా సెమినార్లలో నేను తడబడుతూ చెప్పిన సంగతి ఆ ఎర్ర తువాలు ఇంత తేలిగ్గా చెప్పేసింది.

గురజాల పక్కన: ఊడిన పూత

సుధ పెదనాన్న కోటేశ్వరరావు బస్సు దిగే చోటికే బండి మీద వచ్చాడు. మనిషి పొడుగు, మాట పొట్టి. మా వైపు ఏ మాట చివరైనా ఒక 'అండి' వచ్చి కూర్చుంటుంది. ఇక్కడ మాట ఎక్కడ అయిపోతే అక్కడే ఆగుతుంది. మొదట కోప్పడుతున్నారేమో అనుకున్నాను. సాయంత్రానికి అర్థమైంది, అది ప్రేమే, పొట్టు తీసి పెట్టారంతే.

ఆయన తల్లి ఆదెమ్మను సుధ నాయనమ్మ అంటుంది కాబట్టి నేనూ అలాగే పిలిచాను. ఆమె జొన్నరొట్టె తడుతూ, చేతి చప్పుడు ఆగకుండానే మాట్లాడుతుంది. రొట్టె పక్కన గోంగూర, పచ్చి ఉల్లిపాయ. గోంగూర మాకూ ఉంది గాని, మా అమ్మ పులుపు విరగడానికి బెల్లం ముక్క వేస్తుంది. ఆ మాట చెబితే ఆదెమ్మ నాయనమ్మ రొట్టె తట్టడం ఆపేసింది. "గోంగూరలో బెల్లమా? ఏం పాపం చేసింది అది?"

పెరట్లో బోరు పక్కన ఒక గుంట, దాని చుట్టూ తుమ్మకంప. మందు ట్యాంకులు అక్కడే కడుగుతారు. నాలుగేళ్ల కిందట కంప లేదు. మెడ తాడు తెంచుకున్న గేదె ఒకటి ఆ గుంటలో నీళ్లు తాగి, తెల్లారేసరికి చనిపోయింది. దాని దూడే ఇప్పుడు పెరిగి పాలిస్తోంది. నుదుట తెల్లటి మచ్చ ఉందని చుక్క అంటారు. ఈ కథంతా నాయనమ్మ గుంట వైపు చూడకుండా చెప్పింది.

ఆ సాయంత్రం నా గాజు పలకలు తీసి చూపించాను. ఒకదాన్ని బకెట్ నీళ్లలో ముంచి ఆడించాను. పూత పొరలుగా లేచి తేలింది. ఇంత దూరం వచ్చి ఇంటిల్లిపాది ముందు ఇలా జరిగినందుకు నా చెవులు వేడెక్కాయి.

నాయనమ్మకు మాత్రం ఆశ్చర్యమేమీ లేదు. "అద్దం మీద ఏం నిలబడుద్ది? రోలుకి కక్కు పోతే పచ్చడి నలుగుద్దా? జారిపోద్ది. కోటేశా, రేపు ఈ పిల్లని దుర్గి తీసకపో."

కక్కు అంటే రోలు లోపల ఉలితో కొట్టే సన్నని గంట్లు. మా ఇంట్లో రోలు ఉంది గాని, మిక్సీ వచ్చాక దానిలో పూలమొక్క పెంచుతున్నాం. మూడేళ్లు నేను పొడి గురించే ఆలోచించాను. పొడి నిలబడే నేల గురించి ఒక్క రోజైనా ఆలోచించలేదని డైరీలో రాసుకుని పడుకున్నాను.

దుర్గి: గోరు ఆనాలి, దిగకూడదు

మర్నాడు మాచర్ల మీదుగా దుర్గి. రోడ్డు పక్క రేకుల పాకల కింద నందులు, వినాయకులు, ఇంకా ముఖం రాని దేవుళ్లు. ఉలి చప్పుడు ఒక పాక ఆపితే ఇంకో పాక అందుకుంటోంది. వీరాచారి అనే శిల్పి నంది చెవి దగ్గర పనిచేస్తూ తలెత్తాడు. కనుబొమల మీద కూడా రాతి పొడే.

"ఏ బొమ్మ కావాలమ్మా?"

"బొమ్మ కాదండి. మీ సున్నపురాయితో రెండు పలకలండి. ఒకవైపు కక్కు కొట్టాలండి."

"పలకకి కక్కా? చట్నీ నూరుతావా?"

ఎండను నూరుతానండి అనాలనిపించింది. అనలేదు. నా బదులు కోటేశ్వరరావు పెదనాన్న, "మందు నీళ్లు బాగుచేసుద్దంట. పూత నిలవాల," అన్నాడు. వీరాచారి ఉలి కింద పెట్టి, నా డబ్బాలోని పొడిని వేళ్ల మధ్య నలిపి చూశాడు. మా ప్రొఫెసర్లు కూడా అంత శ్రద్ధగా నలపలేదు.

"ఇంత మెత్తందానికి రోటి కక్కు పనికిరాదమ్మా. లోతెక్కువైతే మురికి దాక్కుంటది, తక్కువైతే జారుద్ది." చిన్న ఉలి తీసి పలక మీద వరసగా కొట్టుకుంటూ పోయాడు. మధ్య మధ్య బొటనవేలి గోరుతో గీరి చూశాడు. "గోరు ఆనాల, దిగకూడదు. అదీ లెక్క." నన్నూ గీరమన్నాడు. ఆనింది, దిగలేదు.

రెండు పలకలకు నాలుగు వందలు అడిగాడు. పెదనాన్న మూడు వందలన్నాడు. "బేరం రోలుకి ఆడుకో కోటేశా, చదువుకి ఆడతావేంది?" అన్నాడు వీరాచారి. నాలుగు వందలే ఇచ్చాం. తిరుగుదారిలో మాచర్లలో మిరపకాయ బజ్జీలు తిన్నాం. వాటి గురించి రాయను. నా నాలుక ఇంకా క్షమించలేదు.

ఇంటికి రాగానే పొడిని అతికే ద్రావణంలో కలిపి ఒక పలకకు రెండుసార్లు బ్రష్‌తో పూసి ఎండబెట్టాను. రెండో పలకకు ఏమీ పూయలేదు. పూత ఉన్న రాయి ఏం చేసిందో తెలియాలంటే పక్కన ఉత్త రాయి ఉండాలి. సాయంత్రం పూసిన పలకను బకెట్‌లో ముంచి ఆడించాను. పది సార్లు. ఇరవై సార్లు. నీళ్లు తేటగానే ఉన్నాయి. అరిచి చెప్పాలనిపించి, వెళ్లి నాయనమ్మ పక్కన కూర్చున్నాను. "నిలిచిందండి," అన్నాను.

"నిలవదా మరి," అంది, పొయ్యి ఊదుతూ.

రెండు గోళేలు

మూడో రోజు పొద్దున్నే పెరట్లో, ఒకప్పుడు కుడితి పోసిన రెండు సిమెంటు గోళేలు కడిగి పెట్టాం. ఒక్కోదానిలో ఒక్కో రాయిని ఏటవాలుగా నిలబెట్టి, ట్యాంకు కడిగిన నీళ్లు సగం రాయి మునిగేదాకా పోశాం. చేతులకు తొడుగులు వేసుకున్నాను. పెదనాన్న చుట్టూ కంప పేర్చాడు. గంటకోసారి రెండు గోళేల నుంచీ నల్ల సీసాలో నీళ్లు పట్టి మూత బిగించాలి. మందుకు రంగు లేదు. తగ్గిందో లేదో కంటికి తెలియదు, విశాఖ వెళ్లి యంత్రానికి పెడితేనే తెలుస్తుంది.

మొదటి రెండు సీసాలు పట్టి ఇంట్లోకెళ్లి లేబుల్ అంటించి వచ్చేసరికి, రెండు రాళ్ల నుదుటనా కుంకుమ బొట్లున్నాయి.

"నాయనమ్మా, ఇదేంటండి?"

"పసుపు రాయి పెరట్లో ఉండగా బొట్టు లేకుండా ఎట్టా ఉంచుతారే?"

"రెండోది పసుపు కాదు కదండీ?"

"తోడొచ్చింది గదా. దీనికి పెట్టి దాన్ని వదిలేస్తే చిన్నబుచ్చుకోదా?"

తడి వేలితో పల్చగా, నీళ్లకు పైన, రెండింటికీ ఒకే కొలతలో పెట్టింది. తుడవబోయి ఆగిపోయాను. నేను ప్రయోగం చేయడానికి వస్తే, ఆమె నాకంటే చక్కటి ప్రయోగం ఒకటి మొదలుపెట్టింది. ఒకే బొట్టు, ఒకే ఎండ, ఒకటి పూత మీద, ఒకటి ఉత్త రాయి మీద.

ఆ ఎండ గురించి ఏం చెప్పను? అక్టోబరులో కూడా తలుపు గొళ్లెం ముట్టుకోలేకపోయాం. ఊళ్లో ప్రతివాళ్లూ నన్ను చూసి జాలిపడ్డారు. నేను మాత్రం మబ్బు రాకూడదని కోరుకుంటూ కూర్చున్నాను. నాయనమ్మ వేరుశనక్కాయలు ఒలుస్తూ, నీ పొడి ఏం చేసుద్దో చెప్పమంది. తువాలు కథ చెప్పాను. బాగా నవ్వింది. ఆ ఊపులో, "ఎండ పడితే చాలండి, విషం విరిగిపోతుంది," అని ధీమాగా ముగించాను. సెమినార్‌లో కూడా నేనంత ధీమాగా ముగించలేదు.

మర్నాడు మధ్యాహ్నానికి ఉత్త రాయి మీద బొట్టు ఎర్రగానే ఉంది. పసుపు రాయి మీద ఎర్రటి ఛాయ కూడా లేదు. తడి గుడ్డతో తుడిచినట్టుంది. నాయనమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. "చూడండి నాయనమ్మా, పోయింది! పూర్తిగా పోయింది!"

ఆమె బొట్టు పెట్టిన చోట వేలితో రుద్ది చూసింది. "తినేసిందే," అంది మెల్లగా.

నేను ఆ సంగతి డైరీలో రాయడానికి లోపలికి వెళ్లాను. పేజీ సగమైందో లేదో, గేదె మెడ గంట వినపడింది. గంట పెరట్లోకి రాకూడదు. కిటికీలోంచి చూస్తే, పసుపు రాయి ఉన్న గోళెం చుట్టూ కంప లేదు. నాయనమ్మ కర్రతో కంపను పక్కకు లాగి, చుక్కను తాడు పట్టి అక్కడికే నడిపిస్తోంది. గేదె మూతి నీళ్ల మీదికి వంగుతోంది.

"ఆపు! తాగనీకు! ఆపు నాయనమ్మా!"

ఆ గొంతు నాదే. పక్కింటి వాళ్లు గోడ మీదుగా చూశారు. పొలం నుంచి అప్పుడే వచ్చిన పెదనాన్న బండి పడేసి పరుగెత్తుకొచ్చాడు. నేను అప్పటికే తాడు లాక్కుని, చుక్క మెడను రెండు చేతులతో వెనక్కి నెడుతున్నాను. గేదె విసుగ్గా తల విదిల్చి వెనక్కి తిరిగింది. మూతి తడవలేదు. రెండుసార్లు చూశాను.

"తాగితే ఏంది? నువ్వే జెప్పావు గదా, విషం విరిగిపోద్దని. బొట్టు తిన్న రాయి మందు తినదా?" అంది నాయనమ్మ. ఆమె గొంతులో కోపం కంటే, మాట తప్పినవాళ్లతో పడే నిష్ఠూరమే ఎక్కువుంది. చచ్చిపోయిన గేదె దూడను తనే తోలుకొచ్చింది. నా మాట నమ్మి తోలుకొచ్చింది.

"బొట్టు పోవడం వేరు, మందు పోవడం వేరు. మందు విరిగినా ముక్కలుంటాయి. ఆ ముక్కల్లో విషం ఉందో లేదో నాకు తెలీదు. తెలీకుండా పోతుందని చెప్పాను. తప్పు నాది. నేను చెప్పేదాకా ఈ నీళ్లు ఎవరూ ముట్టొద్దు, ఏదీ తాగొద్దు."

అంతా అయ్యాక గమనించాను, ఆ మాటల్లో ఒక్క 'అండి' లేదు.

పెదనాన్న చుక్కను కట్టేయడానికి తీసుకెళ్లాడు. నాయనమ్మ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. తర్వాత వంగి కంప అందుకుంది. రెండో కొస నేను పట్టుకున్నాను. ముళ్లు ఇద్దరికీ గుచ్చుకున్నాయి. గోళెం చుట్టూ మళ్లీ పేర్చాం, ఈసారి రెండు వరసలు.

"నోరు బానే ఉందే," అంది, వేలిలో ముల్లు తీసుకుంటూ. "ఇన్నాళ్లూ యాడ దాచావు?"

తిరిగొచ్చాక

బయల్దేరేముందు గోళేల్లోని నీళ్లు గేదెలు పోలేని చోట, గుంటలోనే పోయించి మళ్లీ కంప వేయించాను. ఉత్త రాయి నాతో తెచ్చుకున్నాను. పసుపు రాయి ఇవ్వనంది నాయనమ్మ. నేనూ గట్టిగా అడగలేదు.

సీసాలు యంత్రానికి పెట్టాం. ఉత్త రాయి ఉన్న గోళెంలో మందు దాదాపు ఉన్నట్టే ఉంది. పసుపు రాయి గోళెంలో సగానికి బాగా కిందికి దిగింది. నిజం ఎండలో, నిజం మురికి నీళ్లలో నా పొడి పనిచేసింది. దుర్గి కక్కు దాన్ని పట్టి ఉంచింది. కానీ గ్రాఫ్ మీద, మందు గీత పక్కన ఇంతకుముందు లేని చిన్న గీత ఒకటి లేచింది. అది విరిగిన ముక్క. మేడమ్ దాని మీద పెన్సిల్ పెట్టి, "దీన్ని వదిలేస్తే అధ్యాయం ఈ నెలలోనే పూర్తవుతుంది," అన్నారు, నా మొహంలోకి చూస్తూ.

"వదలనండి. అదేంటో తేలేదాకా ఆ నీళ్లు గేదెకు పెట్టకూడదు," అన్నాను.

మేడమ్ నవ్వి పెన్సిల్ నాకిచ్చారు. ఇప్పుడు నా ఆఖరి అధ్యాయం ఆ చిన్న గీత మీదే నడుస్తోంది. కక్కు కొట్టించడం ఎలాగో కూడా అందులో ఉంది, గోరు లెక్కతో సహా.

పూత ఎన్నాళ్లు పనిచేస్తుందో ల్యాబ్‌లో చూడటానికి నెలలు పడుతుంది. ఆ పని నాయనమ్మ చేస్తోంది. రోజూ పొద్దున్నే పసుపు రాయికి బొట్టు పెట్టి, రెండు రోజులకోసారి సుధకు కాకుండా నేరుగా నాకే ఫోన్ చేస్తుంది. తినడం మానేసిన రోజు చెప్పమన్నాను. తిన్న రోజులే చెబుతోంది.

నిన్న సాయంత్రం కూడా చేసింది.

"అమ్మాయ్, ఇయ్యాలా తినింది. గుంట కంప తియ్యలేదులే."

"తీయొద్దు నాయనమ్మా," అన్నాను. "నేను చెప్తాను."

"చెప్పేటప్పుడు ఆ రోజు అరిచినట్టే చెప్పు. వినపడుద్ది," అని ఫోను పెట్టేసింది.